షాక్‌వేవ్ యంత్రం పెట్టే ముందు రోగిని చేత్తో తాకి చూడాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం ఉదయం మీ పత్రిక విప్పగానే మడతలోంచి ఒక రంగుల కరపత్రం జారి ఒళ్లో పడింది. మడమ నొప్పి, భుజం నొప్పి, మోచేతి నొప్పి, మోకాళ్ల అరుగుదల, నడుము నొప్పి, అది కాలికి పాకే సయాటికా, అన్నీ షాక్‌వేవ్ యంత్రంతో ఒక్క సిట్టింగ్‌లోనే తగ్గుతాయనీ, మడమలో పెరిగిన ఎముక కరిగిపోతుందనీ, 10 సిట్టింగులకు ముందే డబ్బు కట్టినవారికి 2 ఉచితమనీ అందులో అచ్చు వేశారు. పంపిణీ చేసేవారు మడతలో పెట్టే కాగితాలకు పత్రిక బాధ్యత వహించదని నాకు తెలుసు. అయినా ఆ కాగితం మీ పత్రికతో పాటే గడప దాటి ఇంట్లోకి వచ్చింది కనుక, దానికి చెప్పవలసిన సమాధానం కూడా మీ పత్రికలోనే రావడం న్యాయమని భావించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కోనసీమలో 22 ఏళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఆరేళ్లుగా నా దగ్గర కూడా ఆ యంత్రం ఉంది. దానితో బాగుపడినవారిని చూశాను, దాని పేరు విని ఉన్న డబ్బంతా పోగొట్టుకుని వచ్చినవారినీ చూశాను. అందుచేత నేను రాసేది ఆ వైద్యానికి వ్యతిరేకంగా కాదని మొదటే మనవి చేసుకుంటున్నాను.

మా ప్రాంతంలో ఈ నొప్పుల చుట్టూ ఉన్న గందరగోళం మాటలోనే మొదలవుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తెల్లని గట్టి పట్టీని టెండన్ అంటారు, పాఠ్యపుస్తకాల్లో స్నాయుబంధనం అని రాస్తారు. మన ఊళ్లలో మాత్రం దాన్నీ నరమే అంటారు, రక్తనాళాన్నీ నరమే అంటారు, అసలు నరాన్నీ నరమే అంటారు. మడమ వెనుక పట్టీ వాచినా ‘నరం పట్టేసింది’ అని చెప్పుకుని, మందుల షాపులో నరాల బలానికని విటమిన్ బిళ్లలు కొనుక్కుని నెలల తరబడి మింగేవారు నా దగ్గరకు వారానికి ఒకరైనా వస్తారు. ఫిజియోథెరపీ అంటే ‘కరెంటు పెట్టించుకోవడం’ అన్న పేరు ఎప్పటి నుంచో స్థిరపడిపోయింది. ఇప్పుడు షాక్ అన్న మాట దానికి తోడయ్యేసరికి, ఈ వైద్యంలో ఒంట్లోకి కరెంటు పంపుతారని భయపడి పారిపోయేవారు కొందరు, ఎంత ఎక్కువ షాక్ ఇస్తే అంత తొందరగా తగ్గుతుందని నమ్మి గట్టిగా పెట్టమని అడిగేవారు మరికొందరు. ఇందులో శరీరంలోకి వెళ్లే కరెంటు ఏమీ లేదు. వెళ్లేది ఒత్తిడి తరంగం, అంటే శబ్దం లాంటిదే, కాని ఎంతో తీవ్రమైనది.

ఈ తరంగాలను వైద్యంలో మొదట వాడింది కిడ్నీ రాళ్లను పగలగొట్టడానికి. విమానాలు తయారుచేసే డోర్నియర్ కంపెనీ ఇంజనీర్లు, అతివేగంగా వెళ్లే విమానం మీద వాన చినుకు తగిలినప్పుడు లోహంలో పుట్టే తరంగాలను పరిశీలిస్తూ ఈ దారిలోకి వచ్చారు. 1980 ఫిబ్రవరిలో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో క్రిస్టియన్ షౌసీ అనే వైద్యుడు, ఆయన బృందం కోత లేకుండా ఒక రోగి కిడ్నీ రాయిని మొదటిసారి బయటి నుంచి పగలగొట్టారు. తరవాతి పదేళ్లలో అదే తరంగాన్ని అతుక్కోని ఎముకల మీదా, మానని టెండన్ల మీదా ప్రయత్నించడం మొదలైంది. 2000లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మడమ నొప్పికి మొదటి షాక్‌వేవ్ యంత్రాన్ని అనుమతించింది. ఆ అనుమతిలో ఉన్న షరతును మాత్రం కరపత్రాలు రాసేవారెవరూ చెప్పరు. ఆరు నెలలు మామూలు చికిత్సలన్నీ చేసినా తగ్గని మొండి నొప్పికే అది వర్తిస్తుంది. నిన్న నొప్పి మొదలై ఈరోజు ఆస్పత్రికి వచ్చినవారికి ఉద్దేశించినది కాదు.

కిడ్నీ రాయి కథ నుంచే ఒక అపోహ పుట్టింది. రాయిని పగలగొట్టే యంత్రం కనుక మడమలో పెరిగిన ఎముకనూ పగలగొడుతుందని జనం అనుకుంటున్నారు, కొన్ని కేంద్రాలు ఆ మాటే అచ్చు వేసి పంచుతున్నాయి. ఎక్స్‌రేలో మడమ ఎముక కింద కొక్కెంలా కనిపించే ఆ పెరుగుదల నొప్పి లేనివారిలోనూ చాలామందికి ఉంటుంది, నొప్పి ఉన్నవారిలో కొందరికి అసలు ఉండదు. నొప్పి వచ్చేది అరికాలి అడుగున మడమ నుంచి వేళ్ల దాకా విల్లుకు కట్టిన తాడులా సాగి ఉండే దళసరి పొర నుంచి. దాన్ని ప్లాంటార్ ఫేసియా అంటారు. చికిత్స తరవాత నొప్పి పూర్తిగా పోయినవారికి మళ్లీ ఎక్స్‌రే తీస్తే ఆ కొక్కెం ఉన్నచోటే ఉంటుంది. ఎముక కరిగించడానికి డబ్బు కట్టినవారు ఆ రెండో ఎక్స్‌రే చూసుకుని, చికిత్స పనిచేయలేదని కుంగిపోయి, నడక బాగానే ఉన్నా ఆపరేషన్ కోసం తిరగడం నేను చూశాను. ఇందులో ఒక్క మినహాయింపు చెప్పాలి. భుజం టెండన్‌లో సున్నం లాంటి పదార్థం పేరుకునే జబ్బు ఒకటి ఉంది. అక్కడ మాత్రం ఎక్కువ శక్తి గల తరంగాలతో ఆ సున్నం క్రమంగా కరిగి ఒంట్లో ఇంకిపోవడం నిజంగా జరుగుతుంది, దానికి 2003లోనే రోగుల మీద జరిపిన మంచి పరీక్షల రుజువు వచ్చింది.

టెండన్ జబ్బు గురించి కొంచెం విపులంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఇది మన డెల్టాలో పనిచేసి బతికేవారి జబ్బు. కొబ్బరి ఒలుపు కార్మికుడు భూమిలో పాతిన గునపం ముందు నిలబడి, కాయను రెండు చేతులతో మొన మీదికి దించి, మణికట్టు తిప్పి, డొక్కను విడదీస్తాడు. రోజుకు వెయ్యి కాయలు దాటి ఒలిచేవారు మా దగ్గర ఉన్నారు. అంటే ఆ భుజం, ఆ మోచేయి ఒకే కదలికను వేలసార్లు చేస్తాయి. దింపు కార్మికుడు పాదాలతో చెట్టును బిగించి ఎక్కుతాడు. రావులపాలెం మార్కెట్‌లో అరటి గెలలు మోసే హమాలీకి మెడా భుజం, నాట్లు వేసే ఆడకూలీకి నడుమూ తుంటీ, కడియం నర్సరీల్లో రోజంతా గొంతుక్కూర్చుని మొక్కలు సర్దే అమ్మలకు మోకాలి చిప్ప కింది పట్టీ, నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే అక్కలకు బొటనవేలి మొదట మణికట్టు దగ్గర నొప్పి, ఇలా ఎవరి పనికి తగిన చోట వారికి టెండన్ దెబ్బతింటుంది. ఒక్క దెబ్బకు తెగేది కాదు. లోపలి పీచులు అమరిక తప్పి, అల్లిక వదులైన నులకలా తయారవుతాయి. నెలల నాటి నొప్పిలో వాపు కణాలు పెద్దగా కనిపించవని సూక్ష్మదర్శినిలో చూసినవారు రాశారు. అందుకే వాపు తగ్గించే నొప్పి బిళ్లలు అలాంటి నొప్పికి ఆ పూటకు ఉపశమనం ఇస్తాయే కాని జబ్బు మాన్పవు. వదులైన పీచులు మళ్లీ బిగియాలంటే వాటి మీద కొలతగా, క్రమంగా పెంచుతూ బరువు వేయాలి. పని మానేసి మంచం మీద పడుకుంటే టెండన్ ఇంకా బలహీనపడుతుంది, పని అలాగే కొనసాగిస్తే ఇంకా చిరుగుతుంది. ఈ రెండింటి మధ్య దారి చూపించడమే మా వృత్తిలో అసలు కష్టమైన పని, దానికి ఏ యంత్రమూ లేదు.

షాక్‌వేవ్ ఈ దారిలో ఒక తోడు. ఒత్తిడి తరంగం తగిలినచోట కణాలు ఆ తాకిడిని గుర్తించి పెరుగుదలకు తోడ్పడే పదార్థాలను విడుదల చేస్తాయనీ, కొత్త రక్తనాళాలు ఏర్పడతాయనీ, నొప్పిని మోసే నరపు కొసల చురుకు కొంతకాలం తగ్గుతుందనీ ప్రయోగశాల పరిశీలనల్లో తేలింది. మానడం ఆగిపోయిన గాయాన్ని మళ్లీ కదిలించడం లాంటిది ఇది. కనుకనే ఫలితం వెంటనే రాదు. మామూలుగా వారానికి ఒకసారి చొప్పున 3 నుంచి 5 సార్లు చేస్తాము. ఒక్కోసారి సుమారు 2000 తాకిళ్లు, అంతా కలిపి నాలుగైదు నిమిషాల పని. అసలు మార్పు తెలిసేది 6 నుంచి 12 వారాల తరవాత. మొదటిరోజు బల్ల దిగగానే హాయిగా ఉందంటే అది ఆ చోటు కాసేపు మొద్దుబారడం వల్ల వచ్చిన హాయి. ఒక్క సిట్టింగ్‌లో మాయం అని చెప్పేవారు ఆ గంటసేపటి హాయిని చూపించి మిగతా తొమ్మిది సిట్టింగుల డబ్బు కట్టించుకుంటున్నారు. ఇంకొక సంగతి. చికిత్స చేసేటప్పుడు నొప్పి ఉంటుంది, ఎక్కడ నొప్పి పుడుతోందో రోగి చెబుతుంటే ఆ చోటికే యంత్రాన్ని జరుపుతాము. నొప్పి తెలియకుండా మత్తు సూది ఇచ్చి చేస్తే ఫలితం తగ్గుతుందని 2005 నాటికే పరీక్షల్లో తేలింది. ‘నొప్పి లేని చికిత్స’ అని రాసిన కరపత్రం చూస్తే, వారికి ఆ యంత్రం గురించి తెలియదనో, తెలిసీ రాశారనో అనుకోవాలి.

యంత్రాలన్నీ ఒకటే కాదని కూడా పాఠకులకు తెలియాలి. ఒక రకం ఫోకస్డ్, అంటే తరంగాలను భూతద్దంలో ఎండను కూర్చినట్టు ఒంటి లోపల ఎంచుకున్న లోతులో ఒక బిందువు దగ్గర కలిపేది. రెండో రకం రేడియల్. ఇందులో గాలి ఒత్తిడితో ఒక చిన్న లోహపు ముక్క గొట్టంలో దూసుకువచ్చి చివరనున్న బిళ్లను కొడుతుంది, ఆ తాకిడి చర్మం నుంచి లోపలికి చెదిరిపోతూ వెళుతుంది. బలమంతా చర్మం దగ్గరే, మూడు నాలుగు సెంటీమీటర్లు దాటితే పెద్దగా మిగలదు. భౌతికశాస్త్రం ప్రకారం చూస్తే రెండో దానిలో అసలైన షాక్‌వేవ్ లేనే లేదు, అది ఒత్తిడి అల మాత్రమే. ధర తక్కువ కనుక చిన్న ఊళ్ల క్లినిక్కులలో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే, నా దగ్గర ఉన్నదీ ఇదే. మడమకూ, మడమ వెనుక పట్టీకీ, మోచేతికీ చేరవలసిన లోతుకు ఇది చాలు. తుంటి లోతున ఉన్న టెండన్‌కూ, భుజంలోని సున్నానికీ ఫోకస్డ్ రకం మేలు. ఒకదాని మీద వచ్చిన పరీక్షా ఫలితాలను చూపించి మరొకదానితో చికిత్స చేయడం, తూకం వేసే ముందు రాయి మార్చడం వంటిదే. ఏ రకం యంత్రమో అడిగే హక్కు రోగికి ఉంది, చెప్పలేని చోట చేయించుకోకపోవడం మంచిది.

ఇక రుజువుల సంగతి. మడమ అడుగు నొప్పి మీద వచ్చిన పరీక్షలు ఎక్కువగా అనుకూలంగానే ఉన్నాయి, అన్నీ కాదు. బ్రిటన్‌లో చికిత్సలను తూచి చెప్పే నైస్ సంస్థ 2009లో, ఈ వైద్యంలో పెద్ద ప్రమాదం కనిపించలేదని చెబుతూనే, ఫలితాలు పొంతన లేకుండా ఉన్నాయి కనుక ఆ అనిశ్చితిని రోగికి ముందే వివరించి చేయాలని సూచించింది. మోచేతి బయటివైపు నొప్పికి అమెరికాలో అనుమతి దొరికినా, 2005లో చికిత్సల మీది పరీక్షలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 9 పరీక్షలను కలిపి చూసి, దానివల్ల ఉపయోగం అతి స్వల్పం లేదా అసలు లేదని తేల్చింది. భుజం టెండన్ నొప్పి మీద, సున్నం ఉన్నవారినీ లేనివారినీ కలిపి చూసి, 2020లో అదే సంస్థ ఇచ్చిన నివేదిక కూడా ఆశాజనకంగా లేదు. కండరాల్లో గడ్డకట్టినట్టుండి నొక్కితే నొప్పి పాకే బిందువులకు కొంత మేలు కనిపిస్తున్నది కాని, ఆ పరీక్షలు చిన్నవి. మోకాళ్ల అరుగుదలకూ, నడుము నుంచి కాలికి పాకే సయాటికాకూ దీన్ని మొదటి చికిత్సగా అమ్మడానికి తగిన ఆధారం లేదు.

నేను ప్రతి రోగికీ చెప్పే పరిశోధనలు రెండున్నాయి. రెండూ జర్మనీకి చెందిన యాన్ రోంపె అనే ఎముకల వైద్యుడు, ఆయన సహచరులు 2009లో ప్రచురించినవి. మొదటిది మడమ వెనుక ఉండే అకిలిస్ టెండన్ గురించి. 68 మందిలో కొందరికి మడమను మెట్టు అంచు నుంచి నెమ్మదిగా దించే వ్యాయామం ఒక్కటే ఇచ్చారు, మిగతావారికి ఆ వ్యాయామంతో పాటు షాక్‌వేవ్ ఇచ్చారు. నాలుగు నెలలకు వ్యాయామం ఒక్కటే చేసినవారిలో 56 శాతం మందీ, రెండూ చేసినవారిలో 82 శాతం మందీ బాగుపడ్డారు. రెండోది తుంటి పక్క నొప్పి గురించి, 229 మంది మీద. ఇందులో ఒక గుంపుకు స్టెరాయిడ్ సూది, ఒక గుంపుకు షాక్‌వేవ్, ఒక గుంపుకు ఇంటి దగ్గర చేసుకునే వ్యాయామం ఇచ్చారు. నెల రోజులకు స్టెరాయిడ్ వారే అందరికన్నా ముందున్నారు, నాలుగు నెలలకు షాక్‌వేవ్ వారు ముందుకు వచ్చారు. 15 నెలలకు చూస్తే వ్యాయామం చేసినవారిలో 80 శాతం, షాక్‌వేవ్ చేయించుకున్నవారిలో 74 శాతం మంది బాగున్నారు, స్టెరాయిడ్ వారిలో 48 శాతమే మిగిలారు. పైసా ఖర్చు లేని వ్యాయామం యంత్రంతో సమానంగా గట్టుకు చేరింది. కాకపోతే ఓపిక పట్టి పదిహేను నెలలు ఆగాలి. రోజు కూలి మీద బతికేవాడికి ఆ నెలలు కుదించి పెట్టగలిగితే అదే ఈ యంత్రం చేసే మేలు, అది తక్కువ మేలు కాదు.

స్టెరాయిడ్ మాట వచ్చింది కనుక ఇదీ రాయాలి. ఊళ్లలో నొప్పుల సూది అడగగానే దొరుకుతుంది. వేసిన రెండు రోజులకే చెయ్యి లేస్తుంది కనుక వేసినవారికి పేరు వస్తుంది. మోచేతి నొప్పికి ఆ సూది మొదటి వారాల్లో మేలు చేసినా, నెలలు గడిచేసరికి వేయించుకోనివారికన్నా వేయించుకున్నవారి పరిస్థితే దిగజారుతుందని ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు 2010లో చూపించారు. సూది మీద సూది పడిన టెండన్ మెత్తబడి తెగే ప్రమాదం ఉంది. అలాంటి టెండన్ మీద వెంటనే షాక్‌వేవ్ పెట్టకూడదు, కనీసం ఆరు వారాలు ఆగాలి. సూది సంగతి మా దగ్గర చెప్పకుండా దాచేవారు చాలామంది. దయచేసి దాచవద్దు. అలాగే జ్వరానికి మందుల షాపులో కొనుక్కున్న సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ మందుల వల్ల కూడా టెండన్ దెబ్బతినవచ్చు. అరవై దాటినవారికి, స్టెరాయిడ్ కూడా వాడుతున్నవారికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మడమ వెనుక హఠాత్తుగా నొప్పి మొదలైతే ఈమధ్య ఏ మందులు వేసుకున్నారో మొదట అడగాలి.

నన్ను ఈ ఉత్తరానికి పురిగొల్పింది ఒక ఒలుపు కార్మికుడు. వయసు యాభై దాటింది. కుడి భుజం నొప్పికి ఒకచోట 10 సిట్టింగుల డబ్బు ముందే కట్టి, అన్నీ పూర్తిచేసుకుని, చెయ్యి తల దాకా కూడా లేవని స్థితిలో నా దగ్గరకు వచ్చాడు. ఆ పదిసార్లలో ఒక్కసారీ అతని చొక్కా విప్పించి రెండు భుజాలనూ పోల్చి చూసినవారు లేరు. చెయ్యి నేను పైకెత్తి వదిలితే నిలబడకుండా కిందికి జారిపోయింది. స్కాన్‌లో టెండన్ పూర్తిగా తెగి ఉంది. తెగిన తాడును ఎన్ని తరంగాలతో తట్టినా అతుక్కోదు. శస్త్రచికిత్స అవసరమా అన్నది మొదటివారంలోనే ఎముకల వైద్యుడు తేల్చవలసిన విషయం, అతను నాలుగు నెలలు ఆలస్యంగా ఆ తలుపు తట్టాడు. “డబ్బు పోతే పోయిందండీ, కాయ పట్టుకోగలనా లేదా అదొక్కటీ చెప్పండి” అని అతను అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేకపోయింది.

తప్పు ఇతరులదే అని చేతులు దులుపుకోలేను. యంత్రం కొన్న మొదటి ఏడాది నేను కూడా వచ్చిన ప్రతి మడమకూ దాన్నే పెట్టాను. అప్పు చేసి కొన్న యంత్రం మూలన ఉంటే వాయిదాలు ఎలా కట్టాలన్న ఆదుర్దా ఎవరికైనా ఉంటుంది. ఒక ముప్పై ఏళ్ల కుర్రవాడికి రెండు మడమలూ నొప్పి, తెల్లవారుజామున నడుము బిగుసుకుపోయి గంటసేపు కదలలేకపోవడం ఉన్నాయి. నేను మడమలు చూశాను, నడుము అడగలేదు. మూడు సిట్టింగులయ్యాక అతనికి వెన్ను బిగుసుకుపోయే కీళ్లవాతం ఉందని వేరొక వైద్యుడు కనిపెట్టారు. ఆ రోజు నుంచి మొదటి రోజున ఎవరికీ యంత్రం పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను. మొదటి రోజు అడగడానికీ, తాకి చూడటానికీ, చెప్పులు తిరగేసి అరుగుదల చూడటానికీ మాత్రమే. అలా చూసినప్పుడు మడమ నొప్పితో వచ్చినవారిలో ఎక్కువమందికి యంత్రం అవసరమే పడలేదు. ఇంట్లో గచ్చు పోయి టైల్స్, గ్రానైట్ వచ్చాయి, వాటి మీద రోజంతా ఒట్టి కాళ్లతో తిరిగే ఇల్లాళ్లకు మెత్తని చెప్పులూ రెండు వ్యాయామాలూ చెబితే మూడు నెలల్లో మార్పు వచ్చింది.

ఈ చికిత్స ఎవరికి చేయకూడదో కూడా కరపత్రాల్లో ఉండదు. గర్భిణులకు కడుపు, నడుము ప్రాంతంలో, క్యాన్సర్ గడ్డ ఉన్నచోట, ఊపిరితిత్తుల మీదుగా, ఎదిగే పిల్లల ఎముకల కొసల దగ్గర, వెన్నుపాము మీద, చీము పట్టిన చోట పెట్టకూడదు. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబరిచే మందులు వాడేవారు మా జిల్లాల్లో ఇంటికొకరుగా ఉన్నారు, వారికి కమిలిపోయే అవకాశం ఉంది కనుక వారి వైద్యుణ్ని అడిగిన తరవాతే చేయాలి. పేస్‌మేకర్ ఉన్నవారి విషయమూ అంతే. చక్కెర వ్యాధితో పాదాల్లో స్పర్శ తగ్గినవారు నొప్పి ఎక్కడ తగులుతోందో చెప్పలేరు. గోదావరి జిల్లాలకు బోదకాలు పాత శత్రువు, వాచిన ప్రతి కాలూ టెండన్ జబ్బు కాదు. పిక్క అకస్మాత్తుగా వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడితే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు, దాని మీద యంత్రం పెట్టడం ప్రాణాపాయం.

సంబంధిత అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవించుకునేవి కొన్ని ఉన్నాయి. ప్రైవేటు వైద్య సంస్థల నమోదు, నియంత్రణ కోసం 2002లో చేసిన రాష్ట్ర చట్టం ఉంది. ఫిజియోథెరపిస్టుల అర్హతలను గుర్తించే జాతీయ కమిషన్ చట్టం 2021లో వచ్చింది. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ వారు ఈ యంత్రాలున్న కేంద్రాలను ఒకసారి తిరిగి చూసి, యంత్రం పట్టుకుంటున్నది చదువుకున్న ఫిజియోథెరపిస్టో వైద్యుడో, లేక పది రోజుల శిక్షణతో వచ్చిన సహాయకుడో తెలుసుకోవాలి. సిట్టింగ్ ధర, యంత్రం రకం, ఎన్నిసార్లు అవసరం కావచ్చునో గోడ మీద తెలుగులో రాయించాలి. ముందే మొత్తం సొమ్ము కట్టించుకునే పద్ధతిని ఆపించాలి. రెండో సిట్టింగ్ అవసరమా లేదా అన్నది మొదటిది అయ్యాకే తెలుస్తుంది, పదో దాని సొమ్ము మొదటి రోజే పుచ్చుకోవడానికి వైద్యపరంగా ఏ కారణమూ లేదు.

అంతకన్నా ముఖ్యమైనది, ఈ వైద్యం నిజంగా అవసరమైనవారికి అందుబాటులో లేదు. ఒక్కో సిట్టింగ్ ఖర్చు మా ప్రాంతంలో కూలి మనిషి రెండు రోజుల సంపాదనకు తక్కువ కాదు, దానికి పోయే పూట కూలి అదనం. ఆరు నెలలు వ్యాయామం చేసినా తగ్గని దింపు కార్మికుడికీ, ఒలుపు కార్మికుడికీ, చేపల చెరువుల్లో వలలు లాగేవాడికీ ఇది దొరకాలంటే కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు బోధనాసుపత్రుల్లోనూ, అమలాపురం, భీమవరం ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఫిజియోథెరపీ విభాగాలను బలపరచి, ఒక్కొక్క యంత్రమైనా పెట్టాలి. యంత్రం కన్నా ముందు మనిషిని నియమించాలి. వ్యాయామం నేర్పి, రెండు వారాలకొకసారి సరిచూసి, బరువు పెంచే మనిషి లేకుండా యంత్రం ఒక్కటే పెడితే ఇప్పుడు కరపత్రాల వారు చేస్తున్నదే ప్రభుత్వ ఖర్చుతో జరుగుతుంది. కొబ్బరి కార్మికుల సంఘాలు ఎక్స్‌గ్రేషియా కోసం పోరాడుతున్నాయి, న్యాయమే. చెట్టు మీది నుంచి పడినప్పటి పరిహారంతో పాటు, ఏళ్ల తరబడి అరిగిపోయే ఆ భుజాల వైద్యాన్ని కూడా వారి కోరికల జాబితాలో చేర్చమని ఆ సంఘాల పెద్దలను కోరుతున్నాను.

మీకు ఒక చిన్న మనవి. మడమ నొప్పికీ, మడమ వెనుక పట్టీ నొప్పికీ నేను నేర్పే రెండు వ్యాయామాల బొమ్మలు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. మొదటిది పొద్దున మంచం దిగక ముందే చేసేది. నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, కాలివేళ్లను చేత్తో మోకాలి వైపు వంచి, అరికాలి కింద తాడులా బిగిసిందని రెండో చేత్తో చూసుకుని, పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. రెండోది అరుగు మెట్టు మీద. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, గోడ పట్టుకుని, రెండు కాళ్లతో లేచి, నొప్పి ఉన్న ఒక్క కాలి మీద మడమను మెట్టు కిందికి నెమ్మదిగా దించాలి. పదిహేనుసార్లు చొప్పున మూడు విడతలు, పొద్దునా సాయంత్రం, పన్నెండు వారాలు. కొద్దిపాటి నొప్పి ఉన్నా ఆపనవసరం లేదు, రాత్రికి నొప్పి పెరిగితే మర్నాడు సగమే చేయాలి. ఆదివారం సంచికలో అరచేయంత చోటు దొరికితే ఆ బొమ్మలు అచ్చు వేయించండి. కత్తిరించి మంచం పక్క గోడకు అంటించుకోవడానికి వీలుగా వాటిని నల్లని గీతలతో, పెద్దవిగా గీయించాను.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్ట్,
అమలాపురం,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.